కాపలా ఇనుము

"నేను దొంగనే అనుకోండి. దొంగకి మాత్రం బుర్ర ఉండదా?"

ఠాణాలో ఫ్యాను లేని గదిలో, చేతికి బేడీతో కూర్చుని, జులేమా నన్నే ఎదురు ప్రశ్న వేసింది. యాభై దాటిన మనిషి. గుర్రబ్బండి మీద వీధి వీధీ తిరిగి పాత ఇనుమూ అట్టపెట్టెలూ ఏరుకుని అమ్ముకుంటుంది. ఆ ఉదయం ఆమె గోనెసంచిలో పది ఆర్మేచర్లు దొరికాయి. అవి అన్సెల్మో వర్క్‌షాపు నుంచి పోయినవి. అన్సెల్మో తల పగిలి, తన పనిబల్ల కిందే శవమై పడి ఉన్నాడు.

అన్సెల్మో చేసేవి వేలెడంత మోటార్లు. వాటి లోపల గిర్రున తిరిగే రాగి చుట్ల ముక్కే ఆర్మేచర్. గాడి పట్టుకుని పరుగెత్తే అరచేతి రేసు కార్లకి, అదే స్లాట్ కార్లకి, అవి పెడతారు. అరవై ఏళ్ళ నాటి కారు తుక్కయి వస్తే ఇత్తడి కడ్డీలూ స్టీలు తీగలూ టంకం వేసి కొత్త చాసిస్, అంటే కారు అడుగు చట్రం, కట్టేవాడు. కాలిపోయిన మోటారుని మళ్ళీ చుట్టి ప్రాణం పోసేవాడు. ఆ పనిలో పరానా నది ఈ ఒడ్డున అతన్ని మించినవాడు లేడు.

"అవి నీకెక్కడ దొరికాయి?" అన్నాను.

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా? మూల మీద చెత్తకుండీలో. నల్ల కవర్లో."

"ఆ కవరు ఎవరు పడేశారో చూశావా?"

ఆమె తలుపు వైపు చూసింది. తలుపవతల ఇద్దరు కానిస్టేబుళ్ళు ఒకే గొట్టంతో మాతే టీ పీలుస్తూ లోకాభిరామాయణం చెప్పుకుంటున్నారు.

"నన్ను బయటికి తీసుకుపో. అప్పుడు చెప్తా."

"ముందు చెప్పు. అప్పుడు తీసుకుపోతా."

"అయితే ఇద్దరం ఇక్కడే కూచుని ముసలాళ్ళమైపోదాం. నాకేం తొందర లేదు. మా గుర్రానికే తొందర. పొద్దున్నుంచి దానికి నీళ్ళు లేవు."

బేరం పెడుతోందనుకుని నాకు ఒళ్ళు మండింది. నా పేరు గ్రిసెల్డా మతురానో. ప్రాసిక్యూటర్ ఆఫీసులో దర్యాప్తు అధికారిణిని. నన్ను అందరూ చాటున అనుమానప్పక్షి అంటారు. మొహం మీదే అనగలిగేవాడు ఒక్కడే ఉన్నాడు. వాడు వరండాలో నాకోసమే నిలబడి ఉన్నాడు.

"ఏమంటోంది మీ చుట్టం?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ గలార్సా. బయట ఎండకి తారు కరుగుతోంది. అతని చొక్కా మడత మాత్రం నలగలేదు.

"బయటికి తీసుకెళ్తే చెప్తానంటోంది."

"అందరూ అదే అంటారు మేడమ్. నాలుగింటికి జడ్జి ముందు పెడుతున్నా. సాయంత్రానికి జైల్లో ఉంటుంది. కేసు విచారణకొచ్చే లోపు ఆవిడ గుర్రం కబేళాకి, ఆవిడ శ్మశానానికి."

అతను నవ్వుతూనే అన్నాడు కానీ అందులో అబద్ధం లేదు. ఈ రాష్ట్రంలో లాయరు లేని బీదదాన్ని ఒకసారి లోపలికి తోస్తే బయటికి లాగే దిక్కుండదు. నా చేతిలో ఉన్నది నాలుగింటి వరకే.

"పదకొండు మోటార్లు విప్పారు. సంచిలో పది ఆర్మేచర్లే ఉన్నాయి. ఇంకోటేది?"

"బండి గతుకుల్లో ఎక్కడో పడిపోయుంటుంది. వెతుకుదామా? చీపురు మీరు తెండి, చేట నేను పట్టుకుంటా."

"మీరు ఆ వర్క్‌షాపు సరిగ్గా చూశారా అసలు?"

"చూడ్డానికేముందక్కడ? బొమ్మ కార్లు. నాకు వాటి తలా తోకా తెలీదు. చిన్నప్పుడు కూడా ఎవరూ కొనిపెట్టలేదు. రాగి కోసం మనుషుల్ని చంపడం మాత్రం బాగా తెలుసు. పోయిన నెలే కరెంటు తీగ కోసం ఒకణ్ణి చంపారు. మీ అనుమానప్పక్షికి కాస్త రెక్కలు కత్తిరించండి మేడమ్, హాయిగా నిద్రపడుతుంది."

నేను మెట్లు దిగాను. ఇంకో నిమిషం ఉంటే మర్యాద దాటేదాన్ని.

* * *

వర్క్‌షాపు వీధి తలుపుకి ఇనప కటకటాల గేటుంది. కిటికీకీ ఊచలే, వేరే దారి లేదు. పొద్దున సీలు వేసినప్పుడు గేటుకి మా ఆఫీసు తాళం వేశాను. తాళంచెవి నా ఒక్కదాని దగ్గరే ఉంది. లోపల టంకం వాసన, పాత నూనె వాసన, వాటి మీద రక్తపు వాసన.

ముందు అలమార చూశాను. నాలుగు పెద్ద కండెల నిండా కొత్త రాగి తీగ, దొంతరగా పెట్టి ఉంది. తూకానికి అమ్మితే పది ఆర్మేచర్లు ఒక కండెకి సాటి రావు. జులేమా అన్నదే నిజం. దొంగకి బుర్ర ఉంటుంది. రాగి కోసం వచ్చినవాడు కండెలు వదిలేసి, వేలెడు మోటార్లు ఒక్కొక్కటీ విప్పుకుంటూ కూర్చుంటాడా?

బల్ల మీద ఉక్కు దిమ్మ ఉంది. చాసిస్ వంకర పోకుండా దాని మీదే బిగించి టంకం వేస్తారు. అన్సెల్మో తల పగిలింది దాని అంచుతోనే. పక్కనే సగం కట్టిన చాసిస్ ఉంది. స్టీలు తీగల కీళ్ళ దగ్గర ఎర్రటి తుప్పు పొడలా లేచింది. ఇంకో పక్కన పదకొండు మోటారు ఫ్రేములు వరసగా పేర్చి ఉన్నాయి. వాటి లోపల ఆర్మేచర్లు లేవు.

చేతికి గ్లోవ్స్ వేసుకుని ఒక ఫ్రేము ఎత్తాను. అడుగున రక్తం ఎండి అంటుకుంది. రెండోది ఎత్తాను, దానికీ అంతే. అంటే బల్ల మీద రక్తం పడ్డాకే వీటిని ఇక్కడ పెట్టారు. అన్సెల్మో కింద పడి ఉండగా, చంపినవాడెవడో బల్ల ముందున్న ఈ స్టూలు మీద కూర్చుని స్క్రూలు విప్పాడు. కసి తీరా పగలగొట్టినా అర్థం చేసుకునేదాన్ని. ఇంత ఓపిక ఉన్న మనిషే నాకు భయం.

ఆర్మేచర్ ఉండాల్సిన ఖాళీలో, అయస్కాంతం రెండు కొసల మధ్య, ప్రతి ఫ్రేములోనూ ఒక చిన్న ఇనప ముక్క దూర్చి ఉంది. ఒక్కటి కూడా తప్పలేదు. బల్ల చివర రేకు పళ్ళెంలో అలాంటి ముక్కలే ఇంకా కొన్ని ఉన్నాయి.

ఇదేమిటో చెప్పగల మనిషి గేటు బయట టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేనే పిలిపించాను. ఫెర్మిన్, డెబ్భై ఏళ్ళవాడు. అన్సెల్మోకి స్నేహితుడు, క్లబ్బు రేసుల్లో పోటీదారు. ఊళ్ళో ఈ మోటార్లు చుట్టగలిగిన రెండో మనిషి.

అతను లోపలికొచ్చి రక్తపు మరక చూశాడు. తర్వాత చాసిస్ మీద తుప్పు చూశాడు. తుప్పు చూశాకే అతని కళ్ళు తడిశాయి.

"యాసిడ్ కడగనివ్వలేదు వాణ్ణి," అన్నాడు. "స్టీలుకి టంకం అంటాలంటే యాసిడ్ రాయాలి తల్లీ. వెంటనే సోడా నీళ్ళతో కడగాలి. అన్సెల్మో చెయ్యి కాలినా సరే, కడిగాకే మందు రాసుకునేవాడు."

"నిన్న సాయంత్రం మీరెక్కడున్నారు?"

"క్లబ్బులో. మైకు నాదే. ఐదింటి నుంచి అన్ని రేసులూ అయ్యేదాకా అరుస్తూనే ఉన్నా. ఊరంతా విన్నది. మా ఆవిడ ఇంట్లో కిటికీలు మూసేసుకుంది."

"ఆరింటికి, రేసుల మధ్యలో, అన్సెల్మో మీకు ఫోన్ చేశాడు. ఏమన్నాడు?"

"రేపొస్తానన్నాడు."

"అంతేనా?"

"అంతే."

అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి ఒక ఫ్రేము ముందు పెట్టాను. "మధ్యలో ఉన్న ఈ ముక్క ఏంటి?"

ఫెర్మిన్ దాన్ని చూశాడు. మిగతా పదింటినీ చూశాడు. మొహంలో రంగు పోయింది. "ఏదో ఇనప ముక్క. ఫ్రేము వంగకుండా పెడతారు."

"అయితే పెద్ద పనేం లేదన్నమాట," అని ముక్కని బయటికి లాగబోయాను.

"తియ్యకు! తియ్యకు తల్లీ!" స్టూలు తన్నేసుకుంటూ లేచాడు ముసలాయన. నా మణికట్టు పట్టేసుకున్నాడు. మరుక్షణం తను చేసిన పని తనకే తెలిసి, చెయ్యి వదిలి, నీరుగారి కూర్చున్నాడు.

"నా దగ్గర బుకాయించకండి ఫెర్మిన్ గారూ. నాకు వయసు మీద గౌరవం ఉంది, అబద్ధం మీద లేదు."

"కాపలా ఇనుమంటాం," అన్నాడు మెల్లగా. "ఇవి పాతకాలం అయస్కాంతాలు. ఆర్మేచర్ లాగేశాక మధ్యలో ఇనుము లేకపోతే బలం కారిపోతుంది, చిల్లు కుండలో నీళ్ళలాగా. మళ్ళీ మోటారు బిగించినా ప్రాణం లేనట్టు తిరుగుతుంది. అందుకే ఒక చేత్తో ఆర్మేచర్ లాగుతుంటే రెండో చెయ్యి ఇనుము దూరుస్తుంది. ఆలోచించి చేసేది కాదు. తుమ్మొస్తే చెయ్యి ముక్కు దగ్గరికి పోతుందే, అలాగ."

"రాగి దొంగ చెయ్యి పోతుందా?"

"ఎందుకు పోతుంది?"

"మరి ఎవరి చెయ్యి పోతుంది?"

అతను తల దించుకున్నాడు. "చుట్టేవాడిది. ఈ ఊళ్ళో అన్సెల్మో ఉన్నాడు, నేనున్నాను. అన్సెల్మో చచ్చిపోయాడు. నువ్వేం అనుకుంటావో నాకు తెలీదా? అందుకే అబద్ధమాడాను."

నాకు జాలి వేసింది. జాలి వేసినా అనుమానం పోలేదు. నా పుట్టుకే అంత. కానీ మైకులో అరిచిన గొంతు ఊరంతా విన్నది, దాన్ని నేను మార్చలేను.

"ఫోన్లో అన్సెల్మో నిజంగా ఏమన్నాడు?"

ఫెర్మిన్ గేటు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "రాజధానిలో ఎవడో కొత్తగా చుట్టిన మోటార్లని పాత చాంపియన్ల కార్లలో పెట్టి, అసలైనవని అమ్ముతున్నాడు. అందులో ఒకటి రిపేరుకి అన్సెల్మో చేతికొచ్చింది. తీగ లాగిన తీరు, ముడి వేసిన తీరు ఎవడిది వాడిదే తల్లీ, దస్తూరీ లాగా. 'ఎవడిదో పట్టేశాను, వాడికి కబురు కూడా పెట్టాను. చిన్నప్పుడు నా దగ్గరే నేర్చుకుని మానేసినవాడు. పేరు రేపు బహుమతులిచ్చేటప్పుడు అందరి ముందూ చెప్తా' అన్నాడు. నాక్కూడా చెప్పలేదు. ఎప్పుడూ అంతే, వాడికి జనం కావాలి."

పదకొండో ఆర్మేచర్ ఎక్కడికి పోయిందో అప్పుడు తెలిసింది. హంతకుడికి కావలసింది అదొక్కటే. ఒక్కటే తీస్తే అందరి చూపూ దాని మీదే పడుతుందని అన్నీ విప్పాడు. తనది జేబులో వేసుకుని మిగతావి చెత్తకుండీలో పారేశాడు. కానీ పదకొండుసార్లూ వాడి రెండో చెయ్యి మాత్రం అయస్కాంతాన్ని చావనివ్వలేదు.

"నేను తెమ్మన్న మీ కారు తెచ్చారా?"

ఫెర్మిన్ సంచిలోంచి బట్టలో చుట్టిన కారు తీశాడు. మోటారు ఊడదీసి, ఫ్రేము స్క్రూలు ఎలా విప్పాలో చూపించాడు. తొందరపడితే ఇరుసు వంగుతుంది. దాన్ని నాకొదిలి వెళ్ళమంటే పసిపిల్లని అప్పగించినట్టు అప్పగించాడు.

"ఇనుము మరిచిపోకు తల్లీ. మూల హోటల్లో కూచుంటా," అని వెళ్ళాడు.

* * *

గలార్సా వచ్చేసరికి మూడు దాటింది. వీధిలో పిట్ట పురుగు లేదు, అందరూ మధ్యాహ్నం నిద్రలో ఉన్నారు.

"వర్క్‌షాపు మాకు అప్పగించినట్టు ఒక సంతకం పడేయండి," అన్నాడు గేటు తోసుకుని లోపలికొస్తూ. "జడ్జి దగ్గరికి ఖాళీ చేతులతో పోతే బాగుండదు."

"జులేమా చెయ్యలేదీ పని."

"ఓహో. పక్షి ఎగిరింది."

"కూర్చోండి. కళ్ళుంటే చూడండి. ఇవి నాలుగు కండెల రాగి. ముట్టుకోలేదు."

"చీకట్లో కనపడలేదేమో."

"ఇంత చిన్న స్క్రూలు కనపడ్డాయి, ఇంత పెద్ద కండెలు కనపడలేదా? ఎవరి చెవిలో పువ్వు పెడుతున్నారు?"

"కంగారు మేడమ్. ఒకణ్ణి చంపాక ఆ ముసల్ది కంగారుపడదా? చేతికందింది లాక్కుని పారిపోయింది."

"లాక్కుంటే రాదది!" నాకు గొంతు లేచింది. ఫెర్మిన్ మోటారు తీసి అతని ముక్కు కింద పెట్టాను. "చూడండి. ఈ స్క్రూ. తర్వాత ఇది. తర్వాత ఈ రేకు పక్కకి జరపాలి. లాగితే ఇరుసు వంగుతుంది. ఆ పదింట్లో ఒక్కటి వంగిందా? గుర్రబ్బండి తోలే చేతులతో, శవం పక్కన కూచుని, పదకొండుసార్లు ఇలా చేసిందంటారా?"

అంటూనే ఆర్మేచర్ బయటికి లాగాను. కోపంలో ఉన్నాను. ఖాళీ ఫ్రేముని బల్ల మీద పడేసి, ఆర్మేచర్ని అతని మొహం ముందు ఆడించాను. ఇనప ముక్కల సంగతి ఇంకా ఎత్తలేదు. దాన్ని చివరికని దాచుకున్నాను.

"మీరు పెద్ద చదువు చదివారు," అన్నాడు గలార్సా. "అందుకే అన్నీ పెద్దగా ఆలోచిస్తారు. బీదవాళ్ళ చేతులంటే మీకు చిన్నచూపు. వాళ్ళకి స్క్రూ విప్పడం రాదా? నేనూ బీదింట్లోనే పుట్టాను. ఆకలేస్తే చేతులు ఏదైనా నేర్చుకుంటాయి."

మాట్లాడుతున్నది నాతోనే, చూస్తున్నది నా కళ్ళల్లోకే. కానీ అతని ఎడమచెయ్యి చూడకుండానే రేకు పళ్ళెంలోకి పోయింది. వేళ్ళతో ఒక ఇనప ముక్క ఏరింది. నేను బల్ల మీద పడేసిన ఫ్రేములో, అయస్కాంతం కొసల మధ్య, దాన్ని దూర్చింది. తర్వాత ఆ చెయ్యి మళ్ళీ అతని మోకాలి మీదికి వచ్చేసింది.

అతను ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. నాకు ఒక్క మాట కూడా వినపడలేదు.

నేను ఆ ఫ్రేము వైపు చూడకూడదనుకున్నాను. చూశాను. నా చూపు వెంటే అతని చూపూ దిగింది. మాట మధ్యలో ఆగిపోయింది. అప్పుడే జులేమా ఠాణాలో నోరెందుకు విప్పలేదో నాకు తెలిసొచ్చింది. ఆమె బేరం పెట్టలేదు. కవరు పారేసిన మనిషిని చూసింది. పొద్దున్నే ఆ మనిషే వచ్చి తనకి బేడీలు వేస్తుంటే కూడా చూసింది. నేనేమో గుర్రం గురించి కబుర్లు చెబుతోందనుకుని విసుక్కుని వచ్చేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

"సరే, ఇవ్వండి సంతకం చేస్తాను," అన్నాను. "పెన్ను కార్లో ఉంది."

"నా దగ్గరుంది."

"నాది అలవాటు."

అతను లేవలేదు. ఒక క్షణం నన్ను తూచినట్టు చూశాడు. నడుము దగ్గర తుపాకీ ఉంది, చెయ్యి దాని మీదికి పోలేదు. మూల హోటల్లో ఫెర్మిన్ ఉన్నాడు, పేల్చితే నిద్రపోతున్న వీధంతా లేస్తుంది. అతను లెక్క వేసుకుంటున్నంతలో నేను గడప దాటాను. గేటు లాగి, తాళం కొక్కెంలో వేసి నొక్కాను.

గలార్సా నింపాదిగా గేటు దాకా వచ్చాడు. "ఏంటి చిన్నపిల్లల ఆటలు? తాళం తియ్యండి గ్రిసెల్డా గారూ."

"పదకొండో ఆర్మేచర్ ఎక్కడుంది?"

"పరానా నదికే తెలియాలి." నవ్వాడు. "మీ దగ్గరేముంది? ఒక ఇనప ముక్క. జడ్జికి చూపించండి, ఆయన కూడా నవ్వుతాడు. నన్ను చూసిన కళ్ళు ఒక్క జతే ఉన్నాయి."

ఊచల వెనక నిలబడి జేబులోంచి ఫోన్ తీశాడు. ఠాణాలో కానిస్టేబుల్ నంబరు నొక్కి, నాకు వినపడాలనే గొంతు పెంచాడు.

"రీకీ? నేనే. ఆ బండావిడ ఇంకా గదిలోనే ఉందిగా? ఒక్కతేనా? మంచిది. బేడీ తీసేయ్. ఒక దుప్పటి ఇవ్వు. పాపం, చలిగా ఉందట."

నెత్తి మీద ఎండ నిప్పులు కురుస్తోంది. లాకప్పులో దుప్పటి ఇచ్చారంటే, కాసేపటికి ఖైదీ దాంతో ఊచకి ఉరేసుకుందని రాసుకుంటారు. మా ఆఫీసులో అలాంటి ఫైళ్ళు నేనే ఎన్నో మూశాను, ఒక్కదాన్నీ నమ్మకుండానే.

ఫెర్మిన్‌ని కేకేస్తూ కారు వైపు పరుగెత్తాను. వెనక గలార్సా ఇంకా ఫోన్లోనే ఉన్నాడు. "లేదురా, రేపు కాదు," అంటున్నాడు. "ఇప్పుడే ఇవ్వు."